చేప ఒకరిది, నీళ్లు ఇంకొకరివి: తెలంగాణ చెరువులు, జలాశయాల్లో చేపల లెక్క

వానాకాలం మధ్యలోనో, కొన్నేళ్లయితే దసరా దాటాకో, చెరువు కట్ట మీదికి ఒక వ్యాను వస్తుంది. లోపల ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచులుంటాయి. మత్స్య సహకార సంఘం సభ్యులు, సర్పంచ్, అధికారులు కట్ట మీద నిలబడతారు. ఫొటోలు తీస్తారు, చేప పిల్లల్ని నీళ్లలోకి వదులుతారు. మర్నాడు పేపర్లో ఫలానా చెరువులో ఇన్ని లక్షల పిల్లల్ని వదిలారని వార్త వస్తుంది. తెలంగాణలో 2016-17లో మొదలైన ఉచిత చేప పిల్లల పంపిణీ చాలా ఊళ్లలో ఇలాగే జరుగుతుంది. అదే చెరువులో నుంచి పది నెలల తర్వాత ఎన్ని కిలోల చేప బయటికి వచ్చింది, కిలో ఎంతకు పోయింది, ఆ డబ్బు ఎవరి చేతికి చేరింది అనే వార్త మాత్రం నాకు ఎప్పుడో గానీ కనబడలేదు.

వదిలిన లెక్కకూ పట్టిన లెక్కకూ మధ్య చాలా జరుగుతుంది. అక్కడ చేప జీవశాస్త్రం ఉంది, తూము తిప్పే చేతులున్నాయి, వలకన్ను ఎంతుండాలనే గొడవ ఉంది, దళారీ దగ్గర తీసుకున్న అప్పు ఉంది. వీటన్నిటి కింద ఒక పాత చిక్కు కూడా ఉంది. మత్స్యకారుడికి చేప మీద హక్కు ఉంది, నీటి మీద లేదు. చెరువు నీళ్లు ఆయకట్టువి. జలాశయం నీళ్లు సాగుకో, కరెంటుకో, తాగునీటికో పోతాయి. ఆ నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు పోతాయో నిర్ణయించే చోట చేపల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఉండరు.

అసలు పిల్లల్ని ఎందుకు వదలాలి

చెరువులో ఉన్న చేపలే గుడ్లు పెట్టుకోవా అని చాలామంది అడుగుతారు. సరైన ప్రశ్నే. మన చెరువుల్లో పెంచే ముఖ్యమైన చేపలు మూడు: బొచ్చె, రోహు, మృగాల. ఇవి నిలవ నీళ్లలో హాయిగా బతుకుతాయి, లావెక్కుతాయి, వాటి కడుపులో గుడ్లు కూడా తయారవుతాయి. కానీ అక్కడ గుడ్లు పెట్టవు. వానాకాలంలో నదికి కొత్త నీరు రావాలి, మట్టం పెరగాలి, ఒడ్డు పక్కన పల్లపు నేల మీదికి పారే నీరు ఎక్కాలి. ఆ వరద తాకిడి తగిలితేనే గుడ్లు విడుస్తాయి. చెరువులో అది దొరకదు.

అందుకే పూర్వం చేప విత్తనాన్ని నదుల్లో గుడ్డ వలలతో పట్టి తెచ్చేవారు. ఏ పిల్ల ఏ జాతిదో తెలిసేది కాదు. మంచి చేపల పిల్లలతో పాటు వాటిని తినే జాతుల పిల్లలు కూడా వచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి బృందం ఈ ముడిని విప్పింది. ఒక చేప తలలోని పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని తల్లి చేపలకు ఇంజెక్షన్‌గా ఇస్తే, వరద లేకుండానే అవి గుడ్లు విడిచాయి. ఇవాళ మన దేశంలో జూలై 10ని జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుతున్నారంటే కారణం అదే. కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో చేప పిల్లల్ని పుట్టించే హేచరీలు నిలబడింది ఆ విద్య మీదే. తెలంగాణ చెరువుల్లో వదిలే పిల్లల్లో చాలా భాగం ఏళ్ల తరబడి అక్కడి నుంచే రాత్రిపూట వ్యాన్లలో వస్తోంది.

మూడు జాతుల్ని కలిపి వదలడానికీ కారణం ఉంది. బొచ్చె నీటి పైపొరలో తింటుంది, రోహు మధ్యలో, మృగాల అడుగున. ఒకదాని తిండికి ఇంకొకటి పెద్దగా పోటీ రాదు. ఎండాకాలం ఎండిపోయే చెరువుల్లో మృగాల బదులు త్వరగా పెరిగే బంగారు తీగ చేపను వేస్తారు.

చెరువు ఎలా పని చేస్తుంది

తెలంగాణలో చిన్ననీటి చెరువులు 46 వేలకు పైగా ఉన్నాయని చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ అప్పుడు లెక్క తేలింది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటివి కాకతీయుల నాటివి. వీటిలో ఎక్కువ భాగం లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. చేపకు ఇది వరం. ఎండ చాలాచోట్ల అడుగు దాకా దిగుతుంది. వేసవిలో నీళ్లు తగ్గిన శిఖం భూమిలో గడ్డి మొలుస్తుంది, గొడ్లు మేస్తాయి, పేడ వేస్తాయి. వానలకు నీళ్లు మళ్లీ కమ్ముకున్నప్పుడు ఆ గడ్డీ పేడా కుళ్లి నీటికి ఎరువవుతాయి. నీళ్లు పచ్చబడతాయి. ఆ పచ్చదనంలోనే కంటికి కనబడని నాచు, దాన్ని తినే సూక్ష్మజీవులు ఉంటాయి. దాణా మీద రూపాయి పెట్టకుండా చేప పెరిగేది వీటి మీదే.

అయితే ఈ వరానికి గడువుంది. చెరువు జూలై నుంచి సెప్టెంబరు మధ్య నిండుతుంది. నీళ్లు వెచ్చగా, తిండి దండిగా ఉండే కాలం చలి ముదిరేలోపే. చలికాలంలో పెరుగుదల మందగిస్తుంది. జనవరి నుంచి తూము తీసి యాసంగి వరికి నీళ్లు వదులుతారు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి చాలా చెరువుల్లో మడుగు మాత్రమే మిగులుతుంది. అంటే పిల్ల ఆగస్టులో పడితే దానికి ఏడెనిమిది నెలలు దొరుకుతాయి. టెండర్లు ఆలస్యమై నవంబరులో పడితే నాలుగు నెలలే, అందులోనూ సగం చలికాలం.

ఊహకు ఒక లెక్క వేసుకుందాం. లక్ష పిల్లలు వదిలారు. సకాలంలో, మంచి సైజులో పడ్డాయి. వందలో ముప్పై బతికాయి, ఒక్కోటి 700 గ్రాములు తూగింది. మొత్తం 21 టన్నులు. ఇప్పుడు అదే లక్ష ఆలస్యంగా, సన్నగా పడ్డాయి. వందలో పది బతికాయి, ఒక్కోటి 400 గ్రాముల దగ్గర ఆగిపోయింది. మొత్తం 4 టన్నులు. పేపర్లో వార్త రెండుసార్లూ ఒకటే, లక్ష పిల్లల విడుదల. సంఘానికి మాత్రం అయిదింతలు తేడా. పైగా 400 గ్రాముల చేపకు మార్కెట్లో ధర కూడా తక్కువే.

సైజు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లల్ని, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లల్ని ఇవ్వాలన్నది పథకం నియమం. 35 మిల్లీమీటర్లంటే ఒకటిన్నర అంగుళం కూడా కాదు. వాలుగకు, కొరమీనుకు, నీటికాకికి అది ఒక్క గుటక. వేలెడు పిల్ల అయితే తప్పించుకునే ఈత వస్తుంది. కాబట్టి పొడవు కొంచెం తగ్గినా బతికే పిల్లల సంఖ్య చాలా పడిపోతుంది.

కట్ట మీద లెక్క పెట్టే పద్ధతి కూడా తెలుసుకోవాలి. లక్ష పిల్లల్ని ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు. చిల్లుల గిన్నెతో ఒకసారి తీసి, అందులో ఎన్ని ఉన్నాయో లెక్కించి, అలాంటి గిన్నెలు ఎన్ని పోశారో దానితో గుణిస్తారు. పద్ధతిలో తప్పు లేదు. లెక్కించిన గిన్నె ఎంత నిండుగా ఉందో మిగతావీ అంతే నిండుగా ఉండాలి, అంతే. అది చూసే బాధ్యత సంఘం వాళ్లదే. హడావిడిలో జరిగే ఇంకో పొరపాటు, సంచిని కోసి పిల్లల్ని నేరుగా చెరువులో గుమ్మరించడం. రాత్రంతా ప్రయాణం చేసి అలసిన పిల్లకు సంచిలో నీళ్ల వేడి వేరు, చెరువు నీళ్ల వేడి వేరు. సంచిని పావుగంట, ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, కొద్దికొద్దిగా చెరువు నీళ్లు కలిపి, పిల్లలు తమంతట తాము బయటికి ఈదేలా చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ ఇరవై నిమిషాలు ఓపిక పట్టకపోతే ఎన్ని చచ్చిపోయాయో మర్నాటి దాకా తెలియదు. అప్పటికి వ్యానూ ఉండదు, వచ్చినవాళ్లూ ఉండరు.

ఆ తర్వాత మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు. చెరువు మత్తడి దుంకితే ఊరంతా సంబరపడుతుంది. మత్స్యకారుల ఇళ్లలో సంబరంతో పాటు టెన్షన్ కూడా మొదలవుతుంది. పారే నీళ్లతో పాటు చేపలు కిందికి పోతాయి. కింది వాగులో జనం బుట్టలు, దోమతెరలు పట్టుకుని నిలబడతారు. అడ్డంగా జాలీ కడితే చేప ఆగుతుంది. కానీ జాలీకి చెత్త, గుర్రపు డెక్క తట్టుకుని నీళ్లు ఎగదన్నితే కట్టకే ప్రమాదం. అందుకని నీటిపారుదల వాళ్లు వద్దంటారు. ఇద్దరి మాటా న్యాయమే. జాలీ కట్టిన సంఘం వంతులవారీగా రాత్రింబవళ్లు అక్కడ కూర్చుని చెత్త తీస్తూ ఉండడమే దీనికి మార్గం. భారీ వరద వస్తే అదీ కుదరదు.

వేసవిలో గొడవ తూము దగ్గర. చివరి తడి ఇస్తేగానీ వరి గింజ పట్టదని రైతు అంటాడు. ఇంకో రెండడుగులు నీళ్లుంచితే చేప ఇంకో నెల పెరుగుతుందని సంఘం అంటుంది. చాలా ఊళ్లలో రైతు మాటే చెల్లుతుంది. మొదటి నుంచీ చెరువు సాగు కోసమే కట్టింది కాబట్టి నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఆ రెండడుగులు ఎవరివో ముందే, నీళ్లు నిండిన నాడే కూర్చుని మాట్లాడుకున్న ఊళ్లలో ఇద్దరికీ నష్టం తగ్గుతుంది.

జలాశయం వేరే లోకం

నాగార్జునసాగర్ నిండితే సుమారు 285 చదరపు కిలోమీటర్ల నీరు. శ్రీశైలం నిండితే 600 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అంత నీళ్లు చూసి అంత చేప ఉంటుందనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. దేశంలోని జలాశయాల మీద 1995లో వచ్చిన అంచనా ప్రకారం, వెయ్యి హెక్టార్ల లోపు చిన్న జలాశయాల్లో హెక్టారుకు ఏడాదికి సుమారు 50 కిలోల చేప పడితే, అయిదు వేల హెక్టార్లు దాటిన పెద్ద జలాశయాల్లో 11 కిలోలే పడింది. ఆ తర్వాత చాలాచోట్ల ఉత్పత్తి పెరిగింది. అయినా చిన్న నీటికీ పెద్ద నీటికీ మధ్య అంతరం ఎందుకు వస్తుందో చెప్పే కారణాలు మాత్రం అవే.

లోతైన నీటిలో ఎండ పైన కొన్ని మీటర్లకే ఆగిపోతుంది. కింద చీకటి, చల్లదనం. ఎరువులాంటి సారమంతా అడుగున పేరుకుంటుంది, వెలుతురు ఉన్న చోటికి రాదు. చేపకు తిండి దొరికేది, దాగుడు దొరికేది ఒడ్డు పక్కన లోతు తక్కువ ఉన్న అంచుల్లో. ఆ అంచు నిలకడగా ఉండదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఎంత మట్టం దాకా నీళ్లు తోడొచ్చన్న గొడవలు మన దగ్గర చాలా ఏళ్లుగా 854 అడుగుల చుట్టూ తిరుగుతుంటాయి. కరెంటు కోసం, కాలువల కోసం నీటిని తోడేకొద్దీ మట్టం పదుల అడుగులు పడిపోతుంది. నిన్న నీళ్లలో ఉన్న అంచు ఇవాళ ఎండిన బురద. అక్కడ పెట్టిన గుడ్లు, మొలిచిన నాచు పోతాయి.

కొత్తగా నిండిన జలాశయంలో మొదటి కొన్నేళ్లు చేప విపరీతంగా పెరుగుతుంది. మునిగిన పొలాల సారమంతా నీళ్లలోకి దిగుతుంది కాబట్టి. ఆ సారం అయిపోయాక పెరుగుదల తగ్గి ఒక స్థాయిలో నిలుస్తుంది. మల్లన్నసాగర్ లాంటి కొత్త జలాశయాల్లో మొదటి ఏళ్ల దిగుబడి చూసి, ఎప్పటికీ అలాగే ఉంటుందని లైసెన్సులూ అప్పులూ ప్లాన్ చేసుకుంటే తర్వాత ఇబ్బంది పడేది మత్స్యకారులే.

ఇంత విస్తీర్ణంలో పిల్లల్ని వదిలితే ఏమవుతుందో చూడండి. 60 వేల హెక్టార్లలో 60 లక్షల పిల్లలంటే వినడానికి పెద్ద సంఖ్య. హెక్టారుకు వంద, అంటే వంద చదరపు మీటర్లకు ఒక్క పిల్ల. చెరువులో పిల్లల్ని వదలడమంటే పొలంలో విత్తినట్టు. పెద్ద జలాశయంలో అది అడవిలో గింజలు చల్లినట్టు. అక్కడ వలకు పడే చేపలో ఎక్కువ భాగం తనంతట తాను పుట్టిందే. ఎగువన నది పారే భాగంలో తొలి వరదకు గుడ్లు పెట్టే జాతులు, జెల్లలు, వాలుగలు, పరకలు, వాటికి తోడు జిలేబి అని పిలిచే తిలాపియా చేప. అందుకే పెద్ద జలాశయంలో కొత్త పిల్లల్ని తేవడం కంటే ఉన్న పిల్లల్ని కాపాడడం ముఖ్యం.

అలివి వలలనే సన్నకన్ను వలలు చేసే నష్టం ఎంతో ఇక్కడ అర్థమవుతుంది. మామూలుగా నీళ్లలో గోడలా నిలబెట్టే తంగుసు వలకు కన్ను పెద్దది. చిన్న చేప దూరి పోతుంది, ఎదిగిన చేప మొప్పల దగ్గర చిక్కుతుంది. అలివి వల దోమతెరలా సన్న కన్నుతో, చాలా పొడవుగా ఉంటుంది. ఒడ్డు పక్కన, అంటే సరిగ్గా పిల్లలు తిరిగే చోట, చుట్టి లాగుతారు. వేలెడు పిల్ల నుంచి గుడ్లున్న తల్లి దాకా ఏదీ మిగలదు. అందులో చాలా భాగం ఒడ్డునే ఎండబెట్టి మూటలు కట్టి అమ్ముతారు. ఈ వలలు నిషేధం. కొల్లాపూర్, సోమశిల వైపు కృష్ణా తీరంలో వీటిని పట్టుకున్నారని, కాల్చేశారని తరచూ వార్తలొస్తుంటాయి. మళ్లీ వస్తూనే ఉంటాయి. ఎందుకంటే వల ఖర్చు పెట్టేది లాగే కూలీ కాదు, వెనకున్న వ్యాపారి. వల తగలబడితే లాగేవాడి అప్పు పెరుగుతుంది. వ్యాపారి ఇంకో వల పంపుతాడు. లాగేవాళ్లను కొట్టి తరిమినంత మాత్రాన ఇది ఆగదు, ఎండు చేపల మూటలు ఎక్కడికి పోతున్నాయో ఆ దారిలో ఆపాలి.

ఎవరి చేప, ఎవరి ధర

చెరువు హక్కు సంఘానిది. ఊరి సంఘం లీజు కట్టి, ఒక రోజు నిర్ణయించుకుని సభ్యులంతా కలిసి వల లాగి, వచ్చింది పంచుకుంటుంది. సభ్యత్వం ఎవరికన్న విషయంలో గంగపుత్రులకూ ముదిరాజ్‌లకూ మధ్య చాలా ఊళ్లలో వివాదం ఉంది. తరతరాల వృత్తి అన్న వాదన ఒకవైపు, మేమూ ఈ నీళ్ల మీదే బతుకుతున్నామన్న వాదన ఇంకోవైపు. కోపంతో తెగే విషయం కాదిది.

జలాశయంలో పద్ధతి వేరు. ఎవరికి వారు ఏటా రుసుము కట్టి లైసెన్సు తీసుకుని, పుట్టి (గుండ్రటి తెప్ప) వేసుకుని వేటాడుకుంటారు. శ్రీశైలం, సాగర్ ఒడ్డున స్థానికులతో పాటు ఉత్తరాంధ్ర సముద్ర తీరం నుంచి దశాబ్దాల కిందట వలస వచ్చిన కుటుంబాలున్నాయి. నల్లమలలో చెంచులున్నారు. గుడిసెల్లో, రోడ్డు లేని గుట్టల కింద, ఐసు దొరకని చోట వీళ్ల బతుకు. చేప పట్టిన గంట నుంచి దాని విలువ కరగడం మొదలవుతుంది. పుట్టి కొనడానికి, వలకు, బియ్యానికి, ఆస్పత్రికి డబ్బు ఇచ్చేది వ్యాపారే. ఆ అప్పు తీరేదాకా చేప అతనికే వేయాలి, అతను చెప్పిన ధరకే. హైదరాబాద్ ముషీరాబాద్ మార్కెట్లో ధర పెరిగినా ఆ పెరుగుదల సోమశిల ఒడ్డుకు చేరదు. నా దృష్టిలో ఇక్కడ ఒక ఐసు పెట్టె, ఒక తూకం కాటా, తక్కువ వడ్డీకి చిన్న అప్పు చేసే మేలు లక్షల చేప పిల్లలు చేయలేవు.

వదలకుండా వచ్చినవి, వదలలేనివి

జిలేబి కథ ఆసక్తికరం. ఆఫ్రికా జాతి తిలాపియా మన దేశానికి 1952లో వచ్చింది. ఆ తర్వాత నైలు రకం కూడా వచ్చి కృష్ణా జలాశయాల్లో పాతుకుపోయింది. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, కాబట్టి మట్టం పడిపోయినా గుడ్లు ఎండవు. వరద అక్కర్లేదు. ఆనకట్టల నీటికే పుట్టినట్టుంటుంది. ధర తక్కువే, కానీ రోజూ పడుతుంది. పేద మత్స్యకారుడి పూట గడిచేది చాలాసార్లు దాని మీదే. పర్యావరణం కోణంలో అది చొరబాటు చేప. ఒడ్డున కూర్చుని మాట్లాడితే అదే అన్నం.

నీలకంఠ రొయ్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెరిగేది మంచినీళ్లలో, దాని పిల్లలకు మొదట్లో కావలసింది ఉప్పు కలిసిన నీళ్లు. నదికి అడ్డంగా ఆనకట్ట ఉంటే తల్లి సముద్రం వైపు దిగలేదు, పిల్ల పైకి ఎక్కలేదు. గోదావరిలో పులస చేపకు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర జరిగిందీ అలాంటిదే. అందుకే తెలంగాణ జలాశయాల్లో ఈ రొయ్యల్ని ఏటా కొని వదలాల్సిందే. ఒక ఏడాది ఆగితే ఆ జాతి అక్కడితో ఆగిపోతుంది.

కొరమీను గురించి చెప్పకుండా తెలంగాణ చేపల మాట పూర్తికాదు. ఇది రాష్ట్ర చేప. గాలి పీల్చుకోగలదు కాబట్టి బురదలోనూ బతుకుతుంది, బజారుకు ప్రాణంతోనే వస్తుంది, ధర కూడా ఎక్కువ. వానాకాలంలో చెరువు అంచున ఎర్రటి సన్న పిల్లల గుంపు ముద్దలా కదులుతూ కనబడితే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టే. ఆ సమయంలో గాలానికి తల్లిదండ్రుల్ని పట్టేస్తే వందల పిల్లలు ఒక్క పూటలో ఇతర చేపల పాలవుతాయి. మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఇది తెలుసు, ఎర్ర గుంపు కనబడితే గాలం వేయనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక పరకలు. ఏ పథకం లెక్కలోకీ రాని చిన్న చేపలివి. ముల్లుతో సహా తింటాం కాబట్టి ఎముకలకు బలం. కిలో చేప కొనలేని ఇంట్లో కూర ఇవే. పిల్లల్ని వదిలే ముందు చెరువును శుభ్రం చేయాలంటూ వీటన్నిటినీ చంపేయడం చిన్న కుంటలో అర్థముంది. ఊరి చెరువులో అలా చేస్తే బజారు చేప కోసం ఇంటి కూరను తీసేసినట్టు.

మిరుగు నాడు, అంటే జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వచ్చిన రోజున, తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ. చాలా చెరువుల్లో చివరి వల అప్పటికి లాగేసి ఉంటారు. ఆ తర్వాత కొన్ని వారాలకే మళ్లీ నీళ్లు, మళ్లీ వ్యాను. ఈసారి అది వచ్చిన రోజు కట్ట మీదికి ఒక స్కేలు, ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. యాభై పిల్లల్ని కొలిచి పొడవు రాయండి, తేదీ రాయండి, గిన్నె లెక్క రాయండి. మత్తడి దుంకిన రోజు, తూము తీసిన రోజు దాని కింద చేర్చండి. వచ్చే మిరుగుకు ఎన్ని కిలోలు తూగాయో, కిలో ఎంతకు పోయిందో రాయడానికి అదే పేజీలో అడుగున కాస్త చోటు వదిలిపెట్టండి.